పగుళ్లు చూసి పుట్టిన ఏడు చెప్పకండి

పాత గిటార్లు అమ్మేవాళ్ల మాటల్లో నాకు ఒళ్లు మండించే వాక్యం ఒకటుంది. "పూత మీద ఈ సన్నని పగుళ్లు చూశారా? అరవై ఏళ్ల నాటిదనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?" అంటారు. చాలా కావాలి. గిటారు వయసు తేల్చే సాక్ష్యాలన్నీ వరసలో నిలబెడితే ఈ పగుళ్లకు నేను చివరి చోటు కూడా ఇవ్వను. ఆ గిటారు ఎలాంటి చలి చూసిందో, ఎంత తేమ తాగిందో అవి చెబుతాయి. ఎప్పుడు తయారైందో చెప్పడం వాటి పని కాదు. ఈ రెండు సంగతులనూ కలిపేస్తే అమ్మేవాడికి లాభం కాబట్టి, కలిపేస్తూనే ఉంటారు.

ఈ మధ్య మా పిన్ని కొడుకు డల్లాస్ నుంచి ఒక గిబ్సన్ జె-45 (అమెరికా కంపెనీ గిబ్సన్ చేసిన అకౌస్టిక్ గిటారు) ఫొటోలు పంపాడు. "అన్నయ్యా, 1958 నాటిదంటున్నారు. పైపలక నిండా పగుళ్లే. ధర కూడా దానికి తగ్గట్టే చెబుతున్నారు. తీసుకోమంటావా?" అని అడిగాడు. పైపలక ఫొటోలే పది కోణాల్లో తీశాడు. హెడ్‌స్టాక్, అంటే తీగలు బిగించే మరలుండే మెడ చివరి భాగం, దాని వెనక వైపు ఒక్క ఫొటో తీసి పంపమన్నాను. వాడికి నేను అడిగింది వింతగా తోచింది. ఆ ఫొటోలో ఏముందో తర్వాత చెబుతాను. ముందు పగుళ్ల లెక్క తేల్చుకుందాం.

పంతొమ్మిదో శతాబ్దపు మంచి గిటార్ల మీద ఎక్కువగా ఉండేది లక్క పాలిష్. లక్కను స్పిరిట్‌లో కరిగించి, గుడ్డ ఉండతో పలచని పొరలుగా రుద్దేవారు. ఆ లక్కలో చాలా భాగం మన దేశపు అడవుల నుంచి వెళ్లిందే. ఏటికొప్పాక బొమ్మల మీద మెరిసేదీ అదే. చూడముచ్చటైన పనే గానీ తెమిలేది కాదు. 1923-24 ప్రాంతంలో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ డ్యూకో పేరుతో నైట్రోసెల్యులోజ్ లక్కర్‌ను జనరల్ మోటార్స్ కార్ల కోసం తెచ్చింది. తుపాకీలాంటి పరికరంతో చిమ్మితే గబగబా ఆరిపోయే రంగు అది. కార్లకు పనికొచ్చింది గిటార్లకు పనికిరాదా? అదే దశాబ్దంలో పెద్ద గిటారు కంపెనీలు గిబ్సన్, మార్టిన్ రెండూ దానివైపు మళ్లాయి. మనం ఈనాడు పాత అమెరికన్ గిటార్ల మీద చూసే పగుళ్లలో అధిక భాగం ఆ లక్కర్‌వే.

ఈ లక్కర్ ఆరడం అంటే అందులోని ద్రావకం ఎగిరిపోవడమే. రసాయనికంగా గట్టిపడి కొత్త పదార్థంగా మారదు. మెత్తదనం కోసం కలిపిన పదార్థాలు కూడా ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా ఆవిరైపోతాయి. పూత పలచబడుతుంది, పెళుసవుతుంది. వయసు పాత్ర అంతవరకే. పెళుసుదనం పగలడానికి వీలు కల్పిస్తుంది, అంతే. పగలగొట్టేది వేరే ఉంది.

ఒక చిన్న లెక్క చూడండి. చెక్క తన పోగుల వెంట వేడికీ చలికీ దాదాపు కదలదు. ఒక డిగ్రీ మారితే పది లక్షల భాగాల్లో మూడు నాలుగు భాగాలు, అంతకు మించదు. నైట్రోసెల్యులోజ్ పదార్థం అంతకు ఇరవై రెట్లకు పైగా కదులుతుంది. గిటారు పైపలక పొడవు సుమారు అర మీటరు. 22 డిగ్రీల గదిలోని గిటారును మైనస్ 18 డిగ్రీల చలిలో లారీలో వదిలేశారనుకోండి. చెక్క నిలువునా మిల్లీమీటరులో పదో వంతు కూడా కుదించుకోదు. దాని మీది పూతకు స్వేచ్ఛ ఇస్తే రెండు మిల్లీమీటర్ల దాకా కుదించుకుపోయేది. చెక్కకు అతుక్కుని ఉంది కనుక కుదరదు. నిలువునా లాగబడి, ఆ లాగుడుకు అడ్డంగా పుటుక్కున తెగుతుంది.

అందుకే చలి తెచ్చిన పగుళ్లు పైపలక మీద పోగులకు అడ్డంగా, తీగలను కోస్తున్నట్టు వెళతాయి. ఎండిన చెరువులో నెరియల్లా అన్ని దిక్కులకూ పాకవు. ఒకదాని పక్కన ఒకటి, కొంచెం అలలు తిరుగుతూ, ఒక అంచు నుంచి బయలుదేరి ఎక్కడో సన్నబడి ఆగిపోతాయి.

తేమ కథ దీనికి తలకిందులు. తేమ పెరిగితే చెక్క పొడవునా పెరగదు, అడ్డంగా ఉబ్బుతుంది. హీటరు నడిచే ఇంట్లో చలికాలమంతా ఎండిన స్ప్రూస్ (పైపలకలకు వాడే కర్ర) పలకలో బరువులో ఆరు శాతం నీరుందనుకుందాం. విశాఖపట్నం లాంటి సముద్రతీరంలో వానాకాలం వచ్చేసరికి అది పద్నాలుగు శాతం దాటడం కష్టమేమీ కాదు. నలభై సెంటీమీటర్ల వెడల్పున్న పలక స్వేచ్ఛగా ఉంటే నాలుగు మిల్లీమీటర్లకు పైగా పెరిగే తేడా అది. లోపలి బ్రేసింగ్, అంటే బలం కోసం పలక కింద అతికిన కర్రలు, పట్టి ఉంచుతుంది కాబట్టి పలక పైకి ఉబ్బుతుంది. పెళుసైన పూత ఈసారి అడ్డంగా లాగబడి పోగుల వెంట, నిలువుగా చీలుతుంది. అడ్డగీతలు చలివి, నిలువుగీతలు తేమవి అని పూర్తిగా విడదీయలేం, రెండూ కలిసిన గిటార్లు బోలెడు. కానీ తీరు చూస్తే ఏది ఎక్కువ పనిచేసిందో తెలుస్తుంది.

ఇక వయసు సంగతి. ఒకే వారం ఒకే కర్మాగారంలో పూత వేసిన రెండు గిటార్లను ఊహించుకోండి. ఒకటి ఫ్లోరిడాలో మంచం కింద పెట్టెలో పడుకుంది. ఇంకొకటి మిషిగన్‌లో చర్చి నుంచి చర్చికి వ్యాన్‌లో తిరిగింది. అరవై ఏళ్ల తర్వాత మొదటిది నున్నగా ఉండవచ్చు, రెండోది గీతల వలలా ఉండవచ్చు. అసలు అరవై ఏళ్లు ఎందుకు? పోయినేడు కొన్న కొత్త నైట్రో (నైట్రోసెల్యులోజ్ పూత) గిటారు జనవరి నెలలో ఒక్క రాత్రి లారీలో గడిపితే చాలు. అందుకే ఇక్కడ అమెరికాలో చలికాలంలో పార్శిల్ వచ్చినప్పుడు పెట్టె వెంటనే తెరవకుండా ఒక రాత్రి గదిలో అలాగే ఉంచమంటారు. మరోవైపు 1970ల నుంచి వచ్చిన జపాన్ గిటార్లలో చాలావాటికి పాలియురేథేన్, పాలియెస్టర్ పూతలు ఉంటాయి. యాభై ఏళ్ల యమహా అద్దంలా మెరుస్తుంది, పక్కనే అయిదేళ్ల గిబ్సన్ గీతలు పడి ఉంటుంది. పగుళ్లను బట్టి వయసు చెప్పేవాళ్లు ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని ఏది పెద్దదో చెప్పాలి మరి.

అయితే పగుళ్లు దేనికీ పనికిరావా అంటే, పనికొస్తాయి, వేరే ప్రశ్నకు. పూత అసలుదా, మధ్యలో ఎవరైనా మళ్లీ వేశారా అని తేల్చడానికి అవి గొప్ప ఆధారం. పలకంతా గీతలుండి బ్రిడ్జ్ (పైపలక మీద తీగల కొసలను పట్టి ఉంచే చెక్క ముక్క) చుట్టూ ఒక వలయం మాత్రం నున్నగా ఉంటే, అక్కడ మరమ్మతు జరిగి పైన కొత్త పూత చిమ్మినట్టు. చీకటి గదిలో అతినీలలోహిత దీపం వేసి చూస్తే ఇంకా తేటగా తెలుస్తుంది. పాత నైట్రో పసుపు కలిసిన ఆకుపచ్చగా మెరుస్తుంది, కొత్త పూత అలా మెరవదు, మచ్చలా కనిపిస్తుంది. ఆ చవక దీపం ఒకటి దగ్గర పెట్టుకోవడం ఈ వ్యసనం ఉన్నవాళ్లందరికీ మంచిది.

ఇప్పుడు మా తమ్ముడి ఫొటో. హెడ్‌స్టాక్ వెనక చెక్కలోకి అద్దిన ఆరు అంకెల సంఖ్య ఉంది. దాని కింద ఏమీ లేదు. 1958 అన్న మాట అక్కడితో పడిపోయింది. గిబ్సన్ హెడ్‌స్టాక్ మీద అలా అంకెలు అద్దడం 1961లో మొదలైంది. అంతకు ముందరి జె-45లలో వరస సంఖ్యే ఉండదు. లోపల మెడ మొదలు అతికిన దిమ్మ మీద కర్మాగారపు ఆర్డరు సంఖ్య ఉంటుంది. 1952 నుంచి 1961 దాకా ఆ సంఖ్యకు ఒక అక్షరం చేర్చేవారు, అదీ వెనక నుంచి ముందుకు: జెడ్ అంటే 1952, వై అంటే 1953, అలా దిగుతూ టి అంటే 1958, క్యూ అంటే 1961. ఇంతకంటే సులువైన గుర్తు ఉండదు. అయినా చిన్న అద్దం, టార్చి పట్టుకుని పైపలక మధ్యనుండే సౌండ్ హోల్‌లోకి తొంగిచూసే ఓపిక కొనేవాళ్లలో ఎందరికి ఉంటుంది?

మరి ఏ సంవత్సరం? ఇక్కడ గిబ్సన్ మనల్ని నిజంగానే ఏడిపిస్తుంది. 1960లలో వాళ్లు ఆరు అంకెల సంఖ్యలను మళ్లీ మళ్లీ వాడారు. ఒకే సంఖ్య మూడు నాలుగు వేర్వేరు సంవత్సరాల గిటార్ల మీద కనిపించవచ్చు. పట్టిక చూసి ఒక ఏడు చెప్పే వెబ్‌సైట్లు సగం సార్లు మనకు నచ్చిన ఏడే చెబుతాయి. కాబట్టి సంఖ్యను పక్కన పెట్టి చెక్కను అడగాలి. సంఖ్య కింద "మేడ్ ఇన్ యుఎస్ఏ" అన్న ముద్ర లేదు. ఆ ముద్ర 1970లో మొదలైంది కనుక అంతకు ముందుది. గిటారు భుజాలు గుండ్రంగా ఉన్నాయి, 1969 ప్రాంతంలో జె-45కు చదరపు భుజాలు వచ్చాయి, కాబట్టి ఇంకొంచెం ముందుది. తీగలు మెడ మీదికి ఎక్కేచోట, నట్ దగ్గర, వెడల్పు కొలవమన్నాను. నలభై మిల్లీమీటర్లకు కాస్త తక్కువ వచ్చింది. 1965 ప్రాంతం దాకా అక్కడ దాదాపు 43 ఉండేది, తర్వాత సన్నబడింది. హెడ్‌స్టాక్ వెనక్కి వాలే కోణం కూడా 17 డిగ్రీల నుంచి 14కి తగ్గింది దాదాపు అప్పుడే. పక్కనుంచి తీసిన ఫొటోలో ఆ తక్కువ వాలు తెలిసిపోతోంది. నాలుగు సంగతులూ ఒకే చోటికి వస్తున్నాయి: 1965 తర్వాత, 1969కి ముందు.

1958కీ దీనికీ మధ్య పదేళ్లకు మించి లేవు, ఏం పోయింది అనవచ్చు. పోయింది ధరలో చాలా. సన్నని మెడ ఉన్న 1960ల చివరి గిబ్సన్‌ను 1950ల దానితో సమానంగా ఎవరూ కొనరు. ఆ గిటారు మంచిదే, దాని మీద నాకు కోపం లేదు. అది బతకని ఏళ్లను డబ్బుగా మార్చి అడగడం మీదే నా కోపం.

1977లో గిబ్సన్‌కు ఎట్టకేలకు బుద్ధొచ్చింది. అప్పటి నుంచి 2005 దాకా ఎనిమిది అంకెలు. మొదటి అంకె, అయిదో అంకె కలిపితే సంవత్సరం. మధ్యలోని మూడూ ఆ ఏడాదిలో ఎన్నో రోజో చెబుతాయి. చివరి మూడూ ఆ రోజు వరస, అందులోనూ 500 కంటే తక్కువైతే కలమజూ కర్మాగారం, 500 నుంచి పైన నాష్‌విల్ అని ఒక పద్ధతి. 71009123 అని ఉంటే 1979లో నూరో రోజు, అంటే ఏప్రిల్ 10, కలమజూ. కలమజూ కర్మాగారం 1984లో మూతపడింది. ఆ తర్వాతి ఏళ్లకు ఈ 500 గీటును నమ్మకూడదు.

మార్టిన్ వాళ్ల ఇల్లు సర్దినట్టుంటుంది. సాక్సనీలోని మార్క్‌న్యూకిర్షెన్ నుంచి 1833లో అమెరికా చేరిన కుటుంబం, కొన్నేళ్లకే పెన్సిల్వేనియాలోని నాజరెత్ దగ్గర స్థిరపడింది. నేను ఉండే చోటుకు అది దూరం కాదు. అక్కడి మ్యూజియంలో గాజు వెనక వరసగా నిలబెట్టిన గిటార్లను చూస్తే ఒక కంపెనీ లెక్కలు రాసుకోవడం ఎంత పుణ్యమో అర్థమవుతుంది. 1898లో సంఖ్యలు వేయడం మొదలుపెట్టినప్పుడు, అప్పటిదాకా ఓ ఎనిమిది వేలు చేసి ఉంటామని అంచనా వేసి 8000 నుంచి ఎత్తుకున్నారు. ఆ వరసే కొనసాగి 2004లో పది లక్షలకు చేరింది. 1930 చివరి నుంచి మోడల్ పేరు కూడా దిమ్మ మీద అద్దుతున్నారు. 86725 నుంచి 90149 దాకా అయితే 1944.

ఆ 1944 పేరు వింటే సేకర్తల కళ్లు ఎందుకు మెరుస్తాయో చెప్పాలి. ఆ ఏడాది చివరిదాకా మార్టిన్ పైపలక లోపలి బ్రేసింగ్ కర్రలను మధ్యలో లోతుగా చెక్కి తేలిక చేసేది. స్టీలు తీగలు మరీ బరువైనవి బిగించి జనం గిటార్లను పాడుచేస్తుంటే, వారంటీ బాధ పడలేక చెక్కడం మానేసింది. కాబట్టి 1944 అన్న అంకె ఒక్కటే చాలదు, లోపల చెయ్యి పెట్టి కర్ర వంపు తడిమి చూడాలి. యుద్ధకాలపు లోటు కూడా లోపలే తెలుస్తుంది. ఉక్కు దొరకక మెడలో ఉక్కు పట్టీ బదులు నల్లచేవ కర్ర పెట్టారు. అయస్కాంతం మెడకు ఆనిస్తే అంటుకుంటుందో లేదో అదే చెబుతుంది. ఇలాంటి మొద్దు పరీక్షలంటే నాకు ఇష్టం. ఎవరి మాటా నమ్మనక్కర్లేదు.

పగుళ్లను నమ్మకపోవడానికి ఇంకో కారణం, ఇప్పుడు వాటిని తయారుచేసి అమ్ముతున్నారు. ఫెండర్ 1995లోనే కొత్త ఎలక్ట్రిక్ గిటార్లకు అరుగుదల పెట్టి అమ్మింది. గిబ్సన్ 2021లో మర్ఫీ ల్యాబ్ పేరుతో పగుళ్లతో సహా పాతబడిన రూపాన్ని ఒక సరుకుగా మార్చింది, తర్వాత అకౌస్టిక్‌లకూ అది వచ్చింది. వాళ్లు చెప్పి అమ్ముతున్నారు, కొనేవాడు తెలిసి కొంటున్నాడు, నాకు తగువు లేదు. చెప్పకుండా చేసేవాళ్లతోనే చిక్కు. గడ్డకట్టించే గ్యాసు చిమ్మితే నిజమైన చలిపగుళ్లే వస్తాయి, ఎందుకంటే అది నిజమైన చలే. బ్లేడుతో గీసినవైతే పట్టుబడతాయి: గీతలన్నీ ఒకే ఎడంలో, ఒకే లోతులో ఉంటాయి. పూతను దాటి చెక్కను కూడా కోస్తాయి. నిజమైన పాతదాంట్లో గీతల్లో ఏళ్ల మురికి సమానంగా ఉండదు, చేతి చెమట తగిలేచోట నలుపు, పిక్‌గార్డు (మీటేటప్పుడు పలక గీసుకోకుండా అతికే పలచని రేకు) నీడలో శుభ్రం.

పూత పగిలితే దిగులుపడాల్సిన పని లేదు గానీ, చెక్క పగిలితే పడాలి. ఈ రెంటినీ కలగలిపి కంగారుపడేవాళ్లు, ధైర్యంగా ఉండిపోయేవాళ్లు ఇద్దరూ కనిపిస్తారు. పైపలక చెక్క ఎప్పుడూ పోగుల వెంటే చీలుతుంది. కాబట్టి అడ్డంగా వెళ్లే సన్నగీతను వదిలేయండి. నిలువుగీత ఏదైనా ఉంటే గిటారు లోపల చిన్న బల్బు పెట్టి, గది దీపాలు ఆర్పి చూడండి. వెలుగు బయటికి వస్తే అది పూత గొడవ కాదు. పాత మార్టిన్‌లలో పిక్‌గార్డు అంచు వెంట వచ్చే చీలిక అందరికీ తెలిసిందే. సెల్యులాయిడ్ పిక్‌గార్డును పూత వేయకముందే నేరుగా చెక్కకు అతికేవారు, 1980ల దాకా అదే పద్ధతి. సెల్యులాయిడ్ ఏళ్లు గడిచేకొద్దీ కుదించుకుపోతూ చెక్కను కూడా లాక్కుపోతుంది. దాన్ని తెలిసినవాడితో అతికించుకోవాలి, ఆలస్యం చేయకూడదు.

మా తమ్ముడు బేరమాడి, 1960ల చివరి ధరకే ఆ జె-45 తీసుకున్నాడు. వచ్చే ఏడు విశాఖపట్నం తిరిగి వెళ్లిపోవాలని వాడి ఆలోచన. "అక్కడ మంచి పాలిష్ పనివాళ్లు ఉన్నారు, ఈ గీతలు పోగొట్టి కొత్తగా చేయిస్తాను" అన్నాడు. ఫోనులోనే గట్టిగా వద్దన్నాను. పాత పూత గీకి కొత్తది వేస్తే గిటారు విలువ సగానికి సగం పోతుందని ఈ వ్యాపారంలో అందరూ చెప్పే మాట. విలువ మాట అటుంచినా, గీకడంలో పలచని పైపలక ఇంకా పలచనవుతుంది. అంచు పట్టీలు అరుగుతాయి, హెడ్‌స్టాక్ మీది ముద్ర పూడిపోతుంది. వచ్చే తరం కొనేవాడికి ఆ గిటారు వయసు తేల్చే దారులు మూసేసినట్టే. ఆ గీతల వల్ల శబ్దానికి వచ్చే నష్టం ఏమీ లేదు, చేతికి గరుకు తగలనంతవరకూ వాటితో పని లేదు.

విశాఖలో ఆ గిటారుకు అసలు గండం చలి కాదు. వానాకాలపు తేమలో పలక ఉబ్బి తీగలు ఎత్తుకు లేస్తాయి, దానికి మూసిన పెట్టె, తేమ కొలిచే చిన్న గడియారం సరిపోతాయి. ఎండాకాలంలో నిలబెట్టిన కారు మాత్రం ప్రమాదం. జంతు చర్మంతో కాచిన పాత జిగురు 60 డిగ్రీలు దాటితే, అందులోనూ తేమ ఉంటే, మెత్తబడడం మొదలుపెడుతుంది. ఎండలో మూసిన కారు లోపలి వేడి అక్కడికి చేరుతుంది. బ్రిడ్జ్ ఊడొచ్చాక పగుళ్ల గురించి మాట్లాడుకునే అవసరం కూడా ఉండదు.

ఇప్పుడు వాడి చూపు ఒక మార్టిన్ డి-28 మీద పడింది, "1969ది, రోజ్‌వుడ్ వెనక పలక" అని మాత్రమే రాసి ఉందట. ఇక్కడ ఏడు తేల్చడం ధర కోసమే కాదు, చట్టం కోసం కూడా. 1969 చివర్లో మార్టిన్ ఆ మోడల్‌లో బ్రెజిల్ రోజ్‌వుడ్ మాని భారతదేశపు రోజ్‌వుడ్‌కు మారింది, దక్షిణాది అడవుల్లో పెరిగే మన జిట్రేగి. ఆ ఏడాది చివరి సంఖ్య 256003. బ్రెజిల్ రోజ్‌వుడ్ 1992 నుంచి సైటిస్ (అంతరించే ప్రమాదమున్న జాతుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) మొదటి అనుబంధంలో ఉంది. అనుమతి పత్రాలు లేకుండా దాన్ని దేశం దాటించకూడదు. జిట్రేగి రెండో అనుబంధంలో ఉన్నా, పూర్తయిన సంగీత వాద్యాలకు 2019లో మినహాయింపు వచ్చింది. కాబట్టి సంఖ్య ఆ గీటుకు దగ్గరగా ఉంటే, చెక్క గుర్తుపట్టగలిగినవాడితో వెనక పలక చూపించి, అది బ్రెజిల్‌దైతే ముందు కాగితాలకు దరఖాస్తు పెట్టి, ఆ తర్వాతే విమానం టికెట్టు కొనమన్నాను.